గోడమీద ఆకాశం

క్రిందటి ఉగాదికి మన పిల్లలు వేసిన నాటకంలో వెనుక తెర మేము వ్రాసిందేనని చదువరులకు గుర్తుండే ఉంటుంది. డబ్బాలోని నీలిరంగును పైనుంచి క్రిందిదాకా ఒకే తీరున పూసి, దానిమీద దూదిపింజల్లా మబ్బులు దిద్దాం. దీపాలు వేశాక అది ఆకాశంలా లేదు. బొమ్మల దుప్పటి ఆరేసినట్టుంది. నాటకానికి వచ్చిన మా పక్కింటి అమెరికన్ పెద్దాయన మర్యాదకు ఏమీ అనలేదు గాని, మర్నాడు మమ్మల్ని తన బేస్‌మెంటులోకి పిలిచారు. అక్కడ బల్లమీద బొమ్మ రైళ్ళు, వాటి వెనుక గోడంతా ఆకాశం. మేము రైళ్ళను మరచి గోడనే చూస్తూ నిలబడ్డాం. ఇది నేర్పిందెవరని విచారించబోతే కథ 200 ఏళ్ళ వెనక్కి పోయింది.

1787లో రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు చూపరి చుట్టూ తిరిగి వచ్చే బొమ్మకు పేటెంటు పొందాడు. 1793లో లండన్ లెస్టర్ స్క్వేర్‌లో దానికొక గుండ్రటి భవనమే లేచింది. జనం చీకటి దారిన నడిచి నడుమ వేదిక ఎక్కితే చుట్టూ బొమ్మే. పై అంచు కనబడకుండా నెత్తిన గొడుగులాంటి కప్పు, క్రింది అంచుకు వేదికే అడ్డం. అంచు కనబడకపోతే కన్ను దాన్ని బొమ్మ అనుకోదు. మా పెద్దాయన దీపాల ముందు కట్టిన చెక్కపట్టీ పని కూడా అదే. గది మూల కనబడకుండా హార్డ్‌బోర్డును గుండ్రంగా వంచారు కూడా.

మబ్బుల సంగతి వేరు. 1802 డిసెంబరులో ల్యూక్ హోవర్డ్ అనే లండన్ మందుల తయారీదారు ఒక ప్రసంగంలో మబ్బులకు క్యుములస్, స్ట్రాటస్, సిరస్ అని పేర్లు పెట్టాడు. 1821, 22లలో చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ హాంప్‌స్టెడ్‌లో ఆరుబయట కూర్చుని మబ్బులనే వ్రాశాడు. చాలా బొమ్మల వెనుక తేదీ, వేళ, గాలి వాటం కూడా గుర్తు పెట్టుకున్నాడు. గాలిమరలు నడిపే ఇంట పుట్టినవాడికి మబ్బు అలంకారం కాదు. మన మెట్ట రైతుకూ అంతే గదా!

కుప్పమబ్బు అడుగు చదునుగా ఉంటుంది. పైకి లేచే గాలిలోని ఆవిరి దాదాపు ఒకే ఎత్తున నీటి తుంపరగా మారడమే కారణం. దూరం పోయినకొద్దీ మబ్బులు చిన్నవై, దగ్గర దగ్గరగా చేరి, రంగు కోల్పోతాయి. ఆకాశం కూడా నడినెత్తిన ముదురుగా, దిగంతం దగ్గర పాలిపోయి ఉంటుంది. అక్కడ మన చూపు ఎక్కువ గాలిగుండా పోవాలి. ఇన్నేళ్ళు ఆకాశం క్రింద బ్రతికి మేమిది గమనించలేదంటే సిగ్గుగానే ఉంది.

ఈ పాలిపోవడాన్ని పట్టుకున్న ఘనుడు జేమ్స్ పెరీ విల్సన్. మొదట భవనశిల్పి. 1930లలో న్యూయార్కు ప్రకృతి చరిత్ర మ్యూజియంలో చేరి, గాజు వెనుక నిలిపిన జంతువులకు వంపు గోడలమీద ఆకాశాలు వ్రాశాడు. నీలం మెట్లుమెట్లుగా దిగుతుంది, మెట్టు మాత్రం కనబడదు. న్యూయార్కు వెళ్ళే మిత్రులు ఆ జంతువులను పిల్లలకు వదిలి, తాము వెనుకనున్న గోడను చూడాలని మా మనవి.

రైళ్ళవాళ్ళలో అందరూ తలచుకునే పేరు జాన్ ఆలెన్. కాలిఫోర్నియాలోని మాంటరేలో, ఫోటోలు తీయడం వృత్తిగా బ్రతికిన మనిషి. అసలులో 87వ వంతు కొలతతో ఇంటి అడుగున ఒక కొండల లోకమే కట్టాడు. దాని పేరు పలికితే ఇంగ్లీషులో 'నెత్తురోడి ఓడినది' అన్నట్టు వినిపిస్తుంది, కొంటెతనం! నేల నుంచి లేచిన కొండలు, వాటిని రెట్టింపు చేసే అద్దాలు, వెనుక గోడమీద ఆకాశం. 1973 జనవరి 6న ఆయన పోయాడు. రెండు వారాలు తిరక్కముందే ఆ ఇంట మంటలు లేచి అదంతా కాలిపోయింది. మిగిలినవి ఆయన తీసుకున్న ఫోటోలు. పారిస్‌లో డాగేర్ 1822లో తెరిచిన దీపాల బొమ్మలశాల కూడా 1839లో ఇలాగే బూడిదయింది. గోడమీది ఆకాశాన్ని ఊడబెరికి పరుగెత్తలేరు.

మన సురభివాళ్ళు గోడను నమ్ముకోలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ నాటక కుటుంబం అడవిని, అంతఃపురాన్ని, ఆకాశాన్ని గుడ్డమీద వ్రాసి, చుట్టచుట్టి ఊరూరా మోసింది. వాటిని పెద్దాయన గోడతో పోల్చి తక్కువ చేయడం మాకు సమ్మతం కాదు. సురభి తెర దూరంగా నేలమీద కూర్చున్నవాళ్ళ కోసం వ్రాసింది. అది ఆకాశమని చెబితే చాలు, నమ్మించనక్కరలేదు. బొమ్మ రైలు చూసేవాడు మూరెడు దూరంలో ముక్కు పెట్టి నిలబడతాడు.

మన తెర ప్రస్తుతం మా గ్యారేజీలో చుట్టచుట్టి ఉంది. దిగంతం నుంచి పైకి తెలుపు కలిపి మళ్ళీ పూద్దామని, బ్రష్షులు తానే తెస్తానని పెద్దాయన అన్నారు. అయితే సంక్రాంతి నాటకానికి దీపాలు ఏ వైపు పెడతారో కమిటీవారు ముందు తేల్చాలి. అది తెలిస్తే గాని మబ్బులకు నీడ ఎటు వేయాలో మాకు తెలియదు.