సర్వరు డిస్కు విభజన

సర్వరు డిస్కు విభజన అనగా సర్వరుగా వాడు కంప్యూటరులోని డిస్కును, ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపించు సమయముననే వేర్వేరు భాగములుగా ఏర్పరచుట. ఈ భాగములను పార్టిషన్లు లేక విభాగములు అందురు. వెబ్‌సైటు, ఈ-మెయిలు, డేటాబేసు, ఫైళ్ళ పంపిణీ వంటి పలు పనులు ఒకే యంత్రముపై నడచు చిన్న కార్యాలయములలో, పాఠశాలలలో దీనికి ప్రాధాన్యము ఎక్కువ. ఈ వ్యాసములో లినక్సు పద్ధతి వివరింపబడినది.

విభజన అవసరము

డిస్కు అంతయు గంపగుత్తగా ఒకే విభాగముగా ఉంచినచో స్థాపన తేలికే. కాని లోపమున్న ప్రోగ్రాము ఏదైనా ఒకే దోష సందేశమును రాత్రంతయు లాగ్ ఫైలులో వ్రాయుచు పోయినచో తెల్లవారుసరికి డిస్కు నిండిపోవచ్చును. అప్పుడు మెయిలు సర్వరు కొత్త ఉత్తరములను స్వీకరింపలేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు చోటు దొరకినదేమో అని నిమిషమునకొకసారి చూచుచు వేచియుండును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తన మార్పుల చిట్టా వ్రాయుటకు చోటు లేనిచో పూర్తిగా ఆగిపోవును. లాగ్ ఫైళ్ళకు వేరే విభాగమున్నచో నిండునది అదొక్కటే.

ఈఎక్స్‌టీ4 ఫైలు వ్యవస్థ మామూలుగా నూటికి 5 వంతుల చోటును రూట్ వాడుకరికై అట్టిపెట్టును. నిర్వాహకుడు లోనికి ప్రవేశించి చక్కదిద్దుకొనుటకు ఇది ఉపకరించును. అయితే లాగ్ వ్రాయుచున్న ప్రోగ్రామే రూట్ అధికారముతో నడచుచున్నచో ఈ రక్షణ నిలువదు.

ఏవి వేరు చేయవలెను

లినక్సులో ఏ ఫైలు ఎక్కడ ఉండవలెనో తెలుపు ప్రమాణము 1994లో తొలిసారి వెలువడినది. నేడది ఎఫ్‌హెచ్‌ఎస్ అను పేరుతో ప్రసిద్ధము. దీని ప్రకారము నిరంతరము మారు దత్తాంశమంతయు /వార్ క్రింద చేరును. లాగ్ ఫైళ్ళు, ఉత్తరములు, డేటాబేసులు అన్నియు అక్కడనే ఉండును గనుక సర్వరులో ముందుగా వేరు చేయవలసినది ఇదియే. వీలైనచో దానిలోని /వార్/లాగ్‌ను మరల విడదీయుట మేలు. వాడుకరుల సొంత ఫైళ్ళుండు /హోమ్ వేరుగా నున్నచో ఆపరేటింగ్ సిస్టమ్‌ను తిరిగి స్థాపించినను అవి చెక్కుచెదరవు. /యూఎస్ఆర్‌ను కూడ వేరు చేయుమని పాత పుస్తకములు చెప్పును. 2023లో వెలువడిన డెబియన్ 12 నాటికి /బిన్ మొదలగునవి దానిలోనే కలిసిపోయినందున ఇప్పుడు దానిని రూట్‌తోనే ఉంచుట మంచిది.

ఉత్తరమునకొక ఫైలు చొప్పున దాచు మెయిలు సర్వరులలో మరొక చిక్కు కలదు. ఈఎక్స్‌టీ4 విభాగములో ఎన్ని ఫైళ్ళు పట్టునో దానిని ఫార్మాట్ చేయునపుడే నిర్ణయమగును. ఆ సంఖ్య పూర్తయినచో ఎంతో చోటు మిగిలియున్నను కొత్త ఫైలు ఏర్పడదు.

పరిమాణములు

1 టెరాబైటు డిస్కును ఉదాహరణగా తీసుకొనవచ్చును. అమ్మువారు లక్ష కోట్ల బైట్లను టెరాబైటుగా లెక్కింతురు; 1024 చొప్పున లెక్కించు కంప్యూటరుకు అది సుమారు 931 గిబిబైట్లు మాత్రమే. ఇందులో బూట్ విభాగములకు 2, రూట్‌కు 30, స్వాప్‌కు 8, /వార్‌కు 100, /వార్/లాగ్‌కు 10, /హోమ్‌కు 400 కేటాయించినచో దాదాపు 380 గిబిబైట్లు మిగులును. ఈ మిగులును ఎవరికిని ఇవ్వకుండుటయే అసలు ప్రణాళిక. ఏ పని ఎంత పెరుగునో మొదటి రోజున ఊహించుట కష్టము.

ఇందుకు ఎల్‌వీఎమ్ తోడ్పడును. లినక్సుకై దీనిని 1998లో హైంజ్ మౌయెల్స్‌హాగెన్ రచించెను. ఈ పద్ధతిలో, సర్వరు నడచుచుండగనే, మిగులు చోటునుండి కావలసిన విభాగమును పెంచవచ్చును. తగ్గించుట అంత సులభము కాదు. ఈఎక్స్‌టీ4ను కుదించుటకు ముందు ఆ విభాగమును వాడుక నుండి తొలగింపవలెను. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను ఆచరణలో కుదింపలేము. కావున మొదట చిన్నవిగా కేటాయించి తరువాత పెంచుట తెలివైన పని.

పరిమితులు

విభాగములన్నియు ఒకే డిస్కుపై ఉన్నందున ఆ డిస్కు చెడినచో అన్నియు ఒకేసారి పోవును. బ్యాకప్ ప్రతిని అదే డిస్కులోని మరొక విభాగములో దాచుట తరచుగా కనిపించు పొరపాటు. దానిని వేరే డిస్కుపై, వీలైనచో వేరే భవనములో ఉంచవలెను.