బుడమేరు మళ్లింపు కాలువ

బెజవాడ దుఃఖదాయినిగా పేరుపడ్డ బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరు చేరే వాగు. దాని వరదను వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్లించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపేది ఈ కాలువ.

చిక్కల్లా కృష్ణ కూడా నిండుగా ఉన్నప్పుడే. కాలువ నీరు నదిలోకి దిగక వెనక్కి ఎగదన్నుతుంది. నానిన మట్టికట్ట కోసుకుపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో కాలువ ఎడమగట్టుకు మూడు గండ్లు పడి బెజవాడలోని సింగ్ నగర్ మునిగింది. వాగు ముంపు నేలలోనే ఇళ్లు లేచాయి గనుక తప్పంతా వాగుదే అనలేం. అప్పుడు కృష్ణ కూడా నిండుగానే ఉంది: సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది.

పారే నీటిలో పోసిన మట్టి నిలవదు. అందుకే గండ్లు పూడ్చడానికి ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి పేర్చారు. సైన్యమూ చేయి వేసింది. సెప్టెంబరు 7న మూడో గండి పూడింది.