కుష్ఠు బిళ్ళ

మా పెద్దమ్మది డోర్నకల్. నలభయ్యవ ఏట ఆమె మోచేతులపై, మోకాళ్ళపై, వేళ్ళ కణుపులపై నీటిపొక్కులు లేచినవి. బిందె అంచు ఒరుసుకొన్నా చాలు, పొక్కే! మానినచోట మచ్చ మిగిలేది. అంతకు మునుపే ఏళ్ళ తరబడి కడుపునొప్పి, రక్తవిరేచనాలు. ఈ రెండింటినీ ముడిపెట్టి ఆలోచించినవారు మా ఇంట లేరు. పట్నపు వైద్యుడు డాప్సోన్ వ్రాయగా, మందుల కొట్టులో ఎవరో "ఇది కుష్ఠు బిళ్ళ కదా" అన్నారట. వారం తిరగకముందే వాడకట్టు మా గడప తొక్కడం మానింది.

ఆ మాటలో సగం నిజమున్నది. 1908లో జర్మనీలో తయారైన ఈ రసాయనాన్ని 1940లలో చెంగల్పట్టులో కాక్రేన్ కుష్ఠురోగులకు సూదిమందుగా ఇచ్చాడు. కొద్ది మోతాదులో మ్రింగినా పనిచేయునని నైజీరియాలో 1950 ప్రాంతంలో చూపిన జాన్ లో, అంతకు పూర్వం మన నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసినవాడే! అయితే ఆ రోజులలోనే చర్మవైద్యులు దానిని పొక్కుల జబ్బులకూ వాడనారంభించారు. అక్కడ అది క్రిములను చంపదు. చర్మంపైకి దండెత్తే తెల్లకణాలను శాంతింపజేస్తుంది.

పెద్దమ్మ జబ్బు పేరు ఎపిడెర్మోలైసిస్ బులోసా ఆక్విజిటా. వంశపారంపర్యం కాదు, అంటువ్యాధి అసలే కాదు. 1895లో ఎలియట్ దీనిని వర్ణించినా, దీని లక్షణాలకొక కొలబద్ద ఏర్పడినది 1971లోనే. పైచర్మాన్ని లోచర్మానికి కుట్టిపెట్టే దారం వంటి ఏడవ రకం కొల్లాజెన్‌పై దేహమే దాడిచేస్తున్నదని 1988కి తేలింది. 2002లో మరొక వింత: ఆ కొల్లాజెన్ పెద్దపేగులోనూ ఉన్నది! పేగు పుండ్లు పడే క్రోన్ వ్యాధిగ్రస్తులు పలువురి నెత్తుటిలో దానికి విరుద్ధమైన ప్రతిరక్షకాలు కనిపించినవి. పేగులో మొదలైన కలహం చర్మానికి ప్రాకుతున్నదా అన్నది ఇంకా ఊహే. కాని ఈ జబ్బు, క్రోన్ వ్యాధి తరచు ఒకే మనిషిలో కలిసి కనిపిస్తాయన్నది నిజం. (మిత్రులలో వైద్యులుంటే, నా పొరపాట్లు దిద్దగలరు.)

నన్ను బాధించేది వేరొకటి. కుష్ఠు మచ్చకు స్పర్శ సన్నగిల్లుతుంది. పెద్దమ్మ పుండ్లపై చింతపులుసు చుక్క పడితే ఆమె విలవిలలాడేది. ఇది ఇరుగుపొరుగువారందరూ కళ్ళారా చూసినదే.

ఆమె ఆ బిళ్ళల అట్టపై పేరును గోటితో గీకివేసి, బియ్యపు డబ్బా వెనుక దాచుకొనేది. ఇంట్లో మేమొక్కరమే ఉన్నప్పుడు కూడ.