ఫ్లోరింగ్ పనుల ఆన్‌లైన్ ఫారం

ఫ్లోరింగ్ పనులు పట్టే కాంట్రాక్టరు గదుల కొలతలు, రాయి లేదా టైల్ రకం, పనిచోటు వివరాలు, చెల్లింపు షరతులు రాబట్టడానికి ఇంటర్నెట్‌లో ఉంచే పూరింపు పత్రం. లింకు సాధారణంగా వాట్సాప్‌లో వెళుతుంది. ఇంటివారు ఫోన్‌లోనే నింపుతారు. జవాబులు ఒక షీట్‌లో వరుసలుగా చేరతాయి. కార్బన్ కాగితం పెట్టి రాసే కొటేషన్ పుస్తకం చేసిన పనినే ఇది చేస్తుంది. ప్రభుత్వ పనుల్లో మాత్రం కొలతల పుస్తకానిదే (ఎం-బుక్) చెల్లుబాటు. ఆన్‌లైన్ ఫారం దానికి ముందరి విచారణ కాగితం మాత్రమే.

వెబ్‌పేజీలో ఖాళీలు నింపించే పద్ధతి ఎప్పుడు మొదలైందన్న దానిపై రెండు లెక్కలున్నాయి. వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో, 1995 నవంబరులో ప్రమాణంగా వెలువడిన 2.0 కూర్పుతో మొదలైందని కొందరంటారు. 1993 నాటి హెచ్‌టీఎంఎల్ ప్లస్ ముసాయిదాలోనే ఇది ఉంది కాబట్టి ఆ ఏడాదిని తీసుకోవడమే సబబుగా తోస్తుంది. చిన్న వ్యాపారులకు ఇది అందుబాటులోకి వచ్చింది చాలా తరువాత. ఫారాలు తయారుచేసుకునే సేవ జాట్‌ఫారం 2006లో మొదలైంది. గూగుల్ ఫారమ్స్ 2008లో స్ప్రెడ్‌షీట్లకు అనుబంధంగా వచ్చింది. చెన్నై కేంద్రంగా ఉన్న జోహో కూడా ఇలాంటి సేవ నడుపుతోంది.

కొలతల భాగం

ఫారం మంచిచెడ్డలు తేలేది ఇక్కడే. భవన నిర్మాణంలో నేలలు, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ), డేడో (గోడ కింది భాగానికి వేసే పలకలు) కొలతకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1200, 11వ భాగం. అది మీటర్లలో నడుస్తుంది. మేస్త్రీల బేరం మాత్రం నేటికీ చదరపు అడుగుల్లో, స్కర్టింగ్‌కు, మెట్ల అంచులకు రన్నింగ్ అడుగుల్లో సాగుతుంది. ఏ కొలమానంలో అడుగుతున్నారో ప్రతి ఖాళీ పక్కనా రాయకపోతే 12 అని నింపిన అంకె అడుగులో మీటర్లో తెలియదు.

12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉన్న గదిని తీసుకుందాం. నేల 180 చదరపు అడుగులు. చుట్టుకొలత 54 అడుగుల్లో 3 అడుగుల తలుపు పోగా మిగిలిన 51 అడుగులకు 4 అంగుళాల స్కర్టింగ్ మరో 17. మొత్తం 197. కోతల్లో పోయేదానికి 5 శాతం కలిపితే సుమారు 207. ‘రెండు బై రెండు’ టైల్స్ పెట్టెలో 4 ఉంటే 16 చదరపు అడుగులని వాడుక. ఆ లెక్కన 13 పెట్టెలు చాలు. కానీ ఆ టైల్ నిజ కొలత 600 మిల్లీమీటర్లు. నాలుగింటికి 1.44 చదరపు మీటర్లు, అంటే 15.5 చదరపు అడుగులే వస్తాయి. అప్పుడు 14 పెట్టెలు కావాలి. పని చివర్లో ఒక్క పెట్టె తగ్గి, కొత్తది తెస్తే బ్యాచ్ మారి రంగు తేడా కనబడిన ఇళ్లు ఎన్నో. అందుకే పెట్టెకు ఎంత వస్తుందన్న అంకెను ఫారం వెనకున్న షీట్‌లో మీటర్ల లెక్కనే ఉంచాలి. గూగుల్ ఫారమ్స్ తనంతట తాను గుణకారం చేయదు. లెక్కంతా షీట్‌లో సూత్రాలు రాసి చేయించాల్సిందే.

రాయి, టైల్ వివరాలు

అమెరికా నమూనాల్లో కార్పెట్, చెక్క పలకలు ముందు వరుసలో ఉంటాయి. వాటిని ఉన్నవున్నట్టు దించుకున్న ఫారాలు మన ఇళ్లకు పనికిరావు. తాండూరు నాపరాయి, బేతంచెర్ల బండలు, కడప నల్లరాయి, చీమకుర్తి గ్రానైట్, విట్రిఫైడ్ టైల్స్ అని విడిగా పేర్లు ఇవ్వాలి. నాపరాయి అయితే పాలిష్ వేసిందా, పరిచాక వేయాలా అన్న ప్రశ్న తప్పనిసరి, ఎందుకంటే కూలి అక్కడే మారుతుంది. స్నానాల గది, పెరడు ఉంటే వాటం ఎటువైపో అడగాలి. పాత గచ్చు తవ్వాలా, దాని మీదే వేయాలా, సామాను ఏ అంతస్తుకు మోయాలి, లిఫ్ట్ ఉందా అన్నవి చాలా ఫారాల్లో కనబడవు. తగవులు ఎక్కువగా పుట్టేది వీటి దగ్గరే.

ధర్సీవా ప్రాంతం

పరిశ్రమలున్న చోట అడగాల్సిన ప్రశ్నలు మారతాయి. ఉదాహరణకు ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్‌కు ఉత్తరాన, బిలాస్‌పూర్ దారిలో ఉన్న ధర్సీవా పరిధిలోనే సిల్తరా పారిశ్రామిక ప్రాంతం ఉంది. స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాలకు అది పేరుపడింది. ఇటువంటి చోట ఇళ్ల ఫారంతోనే షెడ్ల పనీ నడపబోతే చిక్కే. షెడ్డు నేలకు కావలసిన వివరాలు వేరు: కాంక్రీటు మందం, దాని మీద తిరిగే బండ్ల బరువు, ట్రిమిక్స్ (తడి కాంక్రీటులోని అదనపు నీటిని లాగేసే) పద్ధతా, పైపొరను గట్టిపరిచే హార్డెనర్ వేయాలా, జాయింట్లు ఎంత దూరాన కోయాలి. కనుక మొదటి ప్రశ్నే ‘ఇల్లా, షెడ్డా’ అని ఉండి, జవాబును బట్టి వేరు విభాగానికి పంపడం మేలు. గూగుల్ ఫారమ్స్‌లో ఈ వసతి ఉంది. స్థానికంగా హిందీ, ఛత్తీస్‌గఢీ వాడుక కాబట్టి అక్కడ పనిచేసే తెలుగు మేస్త్రీకి ప్రశ్న దేవనాగరి, తెలుగు లిపులు రెండింటిలోనూ ఉంటే సౌకర్యం.

చట్టపరమైన అంశాలు

సంస్థల నుంచి జీఎస్టీ సంఖ్య అడిగేటప్పుడు 15 అక్షరాల నిబంధన పెట్టవచ్చు. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: ఛత్తీస్‌గఢ్‌కు 22, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందం ఆ కారణంగానే చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం 10ఏ సెక్షన్ చెబుతుంది. అయితే ఫారం నింపడమే ఒప్పందం కాదు. మేస్త్రీ వచ్చి టేపు పట్టాకే తుది ధర అన్న వాక్యం ‘సబ్మిట్’ బటన్‌కు పైనే ఉండాలి. పేరు, చిరునామా, ఫోన్ నంబరు సేకరిస్తున్నప్పుడు అవి దేనికో చెప్పి సమ్మతి తీసుకోవాలన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మూలసూత్రం.

చట్టంతో పాటు ఆచరణలో ఒక చిక్కు కూడా ఉంది. గూగుల్ ఫారమ్స్‌లో గది ఫోటో జతచేయమంటే నింపేవారు తమ గూగుల్ ఖాతాలోకి లాగిన్ కావాలి. పెద్దవారు చాలామంది అక్కడే ఆగిపోతారు. ఫోటోలను వాట్సాప్‌లో విడిగా పంపమనడం మంచిది.