ఎడమ మెదడు, కుడి మెదడు: నూటయాభై ఏళ్ల తగువు

పారిస్ దగ్గరి బిసేత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాడు. ఏమడిగినా 'టాన్ టాన్' అనేవాడు. చివరికి అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలిచారు. ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. కోపం ముదిరితే ఒక తిట్టు కూడా నోట్లోంచి ఊడిపడేది. 1861 ఏప్రిల్‌లో అతను చనిపోయాక సర్జన్ పాల్ బ్రోకా మెదడును పరీక్షించి, ముందుభాగంలో ఎడమవైపు దెబ్బతిన్నదని గుర్తించాడు.

విచిత్రమేమిటంటే, 'ఎడమ' అన్న సంగతి బ్రోకాకు అప్పుడు పెద్ద విషయంగా తోచలేదు. మాటకు మెదడులో ఫలానా చోటంటూ ఉందా అన్నదే అప్పటి చర్చ. అలాంటి కేసులు వరసగా వచ్చి, దాదాపు అన్నిట్లోనూ దెబ్బ ఎడమవైపే తేలాక, 1865లో ఆయన మాట ఎడమ అర్ధగోళానిదని ప్రకటించాడు. ఆ ఏడాదే గుస్తావ్ డాక్స్ అనే వైద్యుడు, ఈ సంగతి మా నాన్న మార్క్ డాక్స్ 1836లోనే రాసిపెట్టాడంటూ తండ్రి వ్యాసాన్ని అచ్చు వేయించాడు. ఘనత ఎవరిదన్న తగాదా అలా మొదలైంది.

మాట ఎడమవైపుకు పోగానే కుడివైపును పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. లండన్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ మాత్రం ఊరుకోలేదు. మెదడులో కుడివైపు కణితి ఉన్న ఒకామె రోజూ నడిచే దారిలోనే తప్పిపోవడాన్ని ఆయన 1876లో వివరించాడు. ఇంతకంటే వింత 1978లో మిలాన్‌లో బయటపడింది. బిసియాక్, లుజాట్టి అనే పరిశోధకులు కుడి అర్ధగోళం దెబ్బతిన్న రోగులను తమ ఊరి కెథడ్రల్ చౌక్‌ను ఊహించుకోమన్నారు. కెథడ్రల్‌కు ఎదురుగా నిలబడ్డట్టు ఊహిస్తే కుడివైపు భవనాల పేర్లే చెప్పారు. అటు చివర కెథడ్రల్ మెట్ల దగ్గరనుంచి ఇటు చూస్తున్నట్టు ఊహించమంటే, ఇందాక వదిలేసిన భవనాలే ఏకరువు పెట్టారు! జ్ఞాపకం పదిలంగానే ఉంది, ఎడమవైపు ధ్యాసే పోయింది.

రెండు సగాలనూ కలిపేది కార్పస్ కలోసమ్. సుమారు 20 కోట్ల నరాల పోగులున్న కట్ట అది. మూర్ఛ ఒకవైపు నుంచి రెండోవైపుకు పాకకుండా 1940ల్లోనే దాన్ని కోసి చూశారు. రోగుల్లో చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదన్నారు. అడగాల్సిన తీరులో అడగకపోవడమే కారణమని తర్వాత తెలిసింది. 1962లో లాస్ ఏంజలెస్‌లో సర్జన్లు వోగెల్, బోగెన్ మళ్లీ ఆ ఆపరేషన్ చేశారు. కాల్‌టెక్‌లో రోజర్ స్పెరీ, ఆయన శిష్యుడు గజానిగా ఆ రోగులను పరీక్షించారు. చూపుకు ఎడమపక్కన ఒక వస్తువు బొమ్మను క్షణకాలం మెరిపిస్తే, అది కుడి అర్ధగోళానికే చేరుతుంది. ఏం కనిపించిందంటే రోగి 'ఏమీ లేదు' అనేవాడు. కుడి అర్ధగోళం నడిపే ఎడమచెయ్యి మాత్రం తడిమి సరిగ్గా అదే వస్తువును పట్టుకునేది.

తర్వాత గజానిగా, సహ పరిశోధకుడు లెడూ అలాంటి ఇంకో రోగికి కుడిపక్కన కోడికాలు, ఎడమపక్కన మంచు దృశ్యం చూపారు. జత బొమ్మలు ఎంచమంటే కుడిచెయ్యి కోడిని, ఎడమచెయ్యి పారను చూపించాయి. పార ఎందుకంటే, కోళ్ల షెడ్డు శుభ్రం చెయ్యడానికి అని తడుముకోకుండా చెప్పాడు. మంచును చూడని ఎడమ అర్ధగోళం అప్పటికప్పుడు అల్లిన జవాబది. నన్నడిగితే ఈ చరిత్ర మొత్తంలో ఇంతకు మించిన ప్రయోగం లేదు.

1981లో స్పెరీకి నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. ఈలోపే ఎడమ మెదడువాళ్లు లెక్కల మనుషులు, కుడి మెదడువాళ్లు కళాకారులు అన్న ప్రచారం ఊపందుకుంది. 2013లో యూటా విశ్వవిద్యాలయం వారు 1,011 మంది మెదడు స్కాన్‌లు పరిశీలించారు. కొన్ని పనులు ఒకవైపుకు మొగ్గుతాయి గానీ, ఒకవైపే బలంగా వాడే మనుషులంటూ ఎవరూ కనిపించలేదు. మాటనే తీసుకోండి. కుడిచేతివాటం ఉన్నవాళ్లలో దాదాపు 95 శాతానికి అది ప్రధానంగా ఎడమవైపే. కానీ 'భలే పని చేశావ్' అన్నది మెప్పో వెటకారమో పసిగట్టడానికి కుడివైపు సాయం కావాలి. పిల్లల 'కుడి మెదడు' తెరిపిస్తామనే కోచింగ్ వాళ్లు ఎదురైతే, అమ్మానాన్నలూ, ఫీజు డబ్బు జేబులోనే ఉంచుకోండి.