వైశాఖ పౌర్ణమి: హైదరాబాద్ దళితుల బుద్ధుడు

శంషాబాద్ విమానాశ్రయం వైపు వెళ్లేవారికి ‘సమత’ అనగానే ముచ్చింతల్ గుర్తొస్తుంది. 2022 ఫిబ్రవరి 5న అక్కడ ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహానికి ‘సమతామూర్తి’ అని పేరు. తెలుగు నేల మీది దళితవాడల్లో ఆ మాటకు ఇంకో చిరునామా ఉంది. వాడ మధ్యలోని అంబేడ్కర్ విగ్రహం, వైశాఖ పౌర్ణమి నాడు దాని పక్కన పెట్టే బుద్ధుడి పటం. ఆ పౌర్ణమి అర్థమేమిటో, హైదరాబాద్ ప్రాంతంతో దానికున్న సంబంధమేమిటో ఇక్కడ చెప్పదలిచాం.

ఏమిటీ రోజు?

సిద్ధార్థుడు లుంబినిలో పుట్టడం, బోధ్‌గయలో బోధి పొందడం, కుశీనగరంలో మహాపరినిర్వాణం చెందడం, ఈ మూడూ వైశాఖ పౌర్ణమి నాడే జరిగాయని థేరవాద బౌద్ధుల నమ్మకం. శ్రీలంకలో దీన్ని ‘వెసాక్’ అంటారు. జపాన్‌లో బుద్ధుడి పుట్టినరోజు ఏప్రిల్ 8. ఐక్యరాజ్యసమితి 1999లో వెసాక్‌ను గుర్తించింది. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఇది సెలవు దినం. తెలంగాణ ప్రభుత్వ జాబితాలో మాత్రం ఐచ్ఛిక సెలవు. షిఫ్టుల్లో పనిచేసేవారికి, రోజుకూలీలకు ఆ సెలవు కూడా దానంతట అది రాదు. పొద్దున పనికి పోయినవాళ్లు సాయంత్రం వందనకు చేరుకుంటారు.

ఎలా జరుపుకుంటారు?

తెల్లబట్టలు కట్టుకుంటారు. బుద్ధుడు, బాబాసాహెబ్ పటాల ముందు కొవ్వొత్తులు వెలిగించి పూలు పెడతారు. పాళీలో త్రిశరణాలు, పంచశీలాలు చెబుతారు. పంచశీలాలంటే ప్రాణహింస, దొంగతనం, లైంగిక దురాచారం, అబద్ధం, మత్తు, ఈ ఐదింటికీ దూరంగా ఉంటామని ఎవరికి వారు చెప్పుకునే మాట. సుజాత పెట్టిన పాయసాన్ని తలచుకుంటూ పాయసం వండి పంచుతారు. రావిచెట్టు ఉన్నచోట దానికి నీళ్లు పోస్తారు. అంబేడ్కర్ బాటలో నడిచే బౌద్ధులు 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞలను కూడా చదువుతారు. ఈ కార్యక్రమానికి పూజారి అక్కర్లేదు. పాళీ నేర్చుకున్న ఆడపిల్ల చెప్పించినా వందన వందనే.

నాగపూర్ కంటే ముందే

తెలుగు దళితులకు బుద్ధుడు 1956 తర్వాతే తెలిశాడనుకుంటే పొరపాటు. 1888లో హైదరాబాద్‌లో మాదరి భాగయ్యగా పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. అంటరానివారి పిల్లలకు బడులు నడిపారు, జోగిని దురాచారం మీద పోరాడారు. ‘పంచములు’ అన్న పేరును కాదని, మేం ఈ నేల తొలి మనుషులం, ఆది హిందువులం అన్నారు. ఆయన 1913లోనే నగరంలో బుద్ధ జయంతి జరిపారు. చనిపోవడానికి రెండేళ్ల ముందు, 1937లో, మళ్లీ జరిపారు. ఆయన బౌద్ధం తీసుకోలేదు. అయినా నిజాం రాజ్యంలో అంటరానివారు తమ సొంత పండుగగా బుద్ధుడి రోజును ఎంచుకోవడం చిన్న విషయం కాదు.

రాతి మీది సాక్ష్యం

శంషాబాద్ నుంచి నగరంలోకి వస్తే మూసీ ఒడ్డున చైతన్యపురి. అక్కడి గుట్ట మీద, నరసింహస్వామి గుడి దగ్గర, బండపై బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం ఉంది. విష్ణుకుండినుల కాలంనాటి ఆ శాసనం గోవిందరాజ విహారాన్ని, పిండపాతిక భిక్షువుల నివాసాన్ని ప్రస్తావిస్తుంది. పిండపాతికులంటే భిక్షలో దొరికిందే తిని బతికేవారు. చార్మినార్ కట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే మూసీ ఒడ్డున బౌద్ధం ఉందన్నమాట. ఈ శాసనాన్ని చూడకుండా నగర చరిత్ర చదివే విద్యార్థి సగమే చదివినట్టు.

ఇప్పుడు తేల్చుకోవాల్సింది

బుద్ధుణ్ణి విష్ణువు అవతారంగా చెప్పే క్యాలెండర్లు ఇంకా మన గోడల మీదే ఉన్నాయి. ఆ మాటను నమ్మబోమన్నది 22 ప్రతిజ్ఞల్లో ఐదోది. ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో అంబేడ్కర్ చూపిన సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు విడిచినవాడు కాదు. రోహిణీ నది నీళ్ల కోసం కోలియుల మీద యుద్ధం వద్దన్నందుకు ఇల్లు విడవాల్సి వచ్చినవాడు. ఆ బుద్ధుడు వరాలివ్వడు, దారి చూపిస్తాడు.

రెండోది కాగితాల సంగతి. ఇంట్లో బుద్ధ వందన చేసే కుటుంబాలు కూడా రిజర్వేషన్ పోతుందన్న భయంతో మతం గడిలో ‘హిందూ’ అని రాస్తుంటాయి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ఎస్సీ జాబితాలోని కులానికి చెందిన వ్యక్తి బౌద్ధం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదు. ఈ సంగతి తెలియకపోవడం వల్ల జనగణనలో తెలుగు బౌద్ధులు కనబడకుండా పోతున్నారు.

వచ్చే వైశాఖ పౌర్ణమికి కొవ్వొత్తి వెలిగించేవారు ఈ రెండు విషయాలూ వాడలో చెప్పాలి. వీలుంటే పిల్లల్ని చైతన్యపురి గుట్టకు తీసుకెళ్లి ఆ శాసనం చూపించాలి. అక్కడికి వెళ్లడానికి సిటీ బస్సు చాలు.