గర్భస్థశిశు శ్వాసకోశ పరిపక్వతా పరీక్షలు

మాసములు నిండకమునుపే ప్రసవము జరుపవలసివచ్చినపుడు, గర్భస్థశిశువు ఊపిరితిత్తులు వెలుపలి గాలికి సిద్ధమైనవో లేదో ఉమ్మనీటినిబట్టి నిర్ణయించు పద్ధతులివి. వాయుకోశముల లోగోడలపై పలుచగా పరచుకొని, తలతన్యతను తగ్గించి, నిశ్వాసవేళ అవి ముడుచుకొనిపోకుండ కాపాడు సర్ఫాక్టెంట్ అను స్నిగ్ధద్రవ్యము ఇంచుమించు 34, 35 వారములకుగాని చాలినంతగా సమకూడదు. నెలలు తక్కువ శిశువులను బలిగొను శ్వాసవ్యాధికి దాని కొరతయే మూలమని 1959లో బోస్టన్ నగరమున మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపిరి. అయినను చికిత్స దొరకలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కుమారుడు ప్యాట్రిక్ అయిదున్నర వారములు ముందుగా పుట్టి, రెండు దినములైనను నిండకమున్నే ఈ వ్యాధితో మరణించెను.

ఊపిరితిత్తులలో ఊరిన ద్రవము ఉమ్మనీటిలో వచ్చి కలియునను సంగతి ఆధారముగా, కాలిఫోర్నియాలో లూయీ గ్లక్ బృందము 1971లో లెసిథిన్, స్ఫింగోమైలిన్ అను రెండు కొవ్వుల నిష్పత్తిని కొలుచు పరీక్షను ప్రకటించెను. సర్ఫాక్టెంటులో భాగమైన మొదటిది నెలలు నిండినకొలది పెరుగును, రెండవది అంతగా మారదు. కావున నిష్పత్తి 2 చేరినచో పక్వతకు గుర్తని నిశ్చయించిరి. మరుసటి యేడు క్లెమెంట్స్ బృందము, ఉమ్మనీటిలో ఆల్కహాలు కలిపి కుదిపి, నురుగు నిలుచునో లేదో చూచు సులభపరీక్షను తెచ్చెను.

వీనిని ఎంతవరకు నమ్మవచ్చుననుటలోనే అసలు చిక్కు గలదు. పక్వమని వచ్చిన ఫలితము సాధారణముగా నిజమగును. అపక్వమని వచ్చినది తరచుగా తప్పును, అట్టి శిశువులలో పెక్కండ్రు ఏ యిబ్బందియు లేక ఊపిరి పీల్చుదురు. ప్రమాదము దాపురింపరాదని హద్దును ఎత్తున నిలుపుటయే ఇందులకు కారణము. ఇది మెచ్చదగిన జాగ్రత్తయే. కాని, ప్రసవము ఆలస్యమైనకొలది రక్తపోటు ముదురు తల్లికి ఆ జాగ్రత్తయే ముప్పు కావచ్చును. మధుమేహము గల తల్లుల శిశువులలో నిష్పత్తి 2 దాటినను శ్వాసకష్టము కనబడుటచే, 35వ వారము ప్రాంతమునగాని కానరాని మరియొక సర్ఫాక్టెంటు కొవ్వగు ఫాస్ఫటిడైల్ గ్లిసరాల్‌ను వెదకు ఆచారము వచ్చెను. ఉమ్మనీటిలో రక్తమో శిశువు తొలిమలమో కలిసి నిష్పత్తి చెడినను దీని సాక్ష్యము చెడదు. సర్ఫాక్టెంటును మోయు పొరల రేణువులు ప్లేట్‌లెట్ల పరిమాణముననే యుండుటచే, రక్తకణములను లెక్కించు యంత్రముతో వానిని లెక్కించు పద్ధతి తరువాతిది.

1972లోనే న్యూజీలాండున లిగ్గిన్స్, హౌవీ తల్లికి ముందుగా ఇచ్చు బీటామెథసోన్ అను ఔషధము శిశువును ఈ వ్యాధినుండి కాపాడునని చూపియుండిరి; 1980లో జపానున ఫుజివారా బృందము సర్ఫాక్టెంటునే శిశువు శ్వాసనాళమున పోసి ఫలితము పొందెను. అల్ట్రాసౌండువలన గర్భవయస్సు తొలినాళ్లలోనే తేటపడుటయు వీనికి తోడై, పరీక్షల యవసరము సన్నగిల్లెను. పక్వత రుజువైన పిమ్మట 36–38 వారములలో పుట్టినవారికి, 39, 40 వారములలో పుట్టినవారికంటె కామెర్లు, రక్తమున చక్కెర తగ్గుట వంటి బాధలు హెచ్చని 2010లో అమెరికాలో ప్రకటితమైన పరిశీలన తెలిపినది. ప్రసవమునకు వైద్యకారణమున్నచో ఈ పరీక్షకై ఆగరాదనియు, కారణము లేనిచో పక్వమను ఫలితమును జూచి 39 వారములకు ముందు ప్రసవము జరుపరాదనియు అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల నేడు సూచించుచున్నది.